గ్లాడిస్ స్టోన్ రైట్: బడి బ్యాండు గదిలో ఒక జీవితం

మా అమ్మాయి ఆరో తరగతిలో క్లారినెట్ ఎంచుకున్న నాటి వరకు, అమెరికా బడుల్లో బ్యాండు అన్నది గణితం, సైన్సుల సరసన టైంటేబులులో చోటున్న ఒక తరగతి అని నాకు తెలియదు. దానికి ప్రత్యేకంగా డిగ్రీ చదివిన ఉపాధ్యాయులుంటారని, వారిని బ్యాండ్ డైరెక్టర్లంటారని కూడా అప్పుడే తెలిసింది. మా అమ్మాయికి దొరికిన డైరెక్టరు ఒక మహిళ. రెండేళ్లపాటు ఆమె పనిని దగ్గరగా చూశాక ఈ వృత్తిలోకి స్త్రీలు ఎలా వచ్చారో తెలుసుకోవాలనిపించి చదవడం మొదలుపెట్టాను. అలా పరిచయమైన వారిలో నా మనసులో నిలిచిపోయిన వ్యక్తి గ్లాడిస్ స్టోన్ రైట్.

ఆమె 1925లో ఆరెగాన్ రాష్ట్రంలో పుట్టి, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే చదువుకుని, మొదట ఎల్మైరా అనే చిన్న ఊరి హైస్కూలులో, తరువాత ఇండియానాలో వెస్ట్ లఫాయెట్ దగ్గరున్న హారిసన్ హైస్కూలులో బ్యాండును నడిపారు. ఆమె భర్త ఆల్ రైట్ అక్కడి పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో బ్యాండ్లకు డైరెక్టరు. ఆయనది వేలాది మంది చూసే వేదిక అయితే, ఆమెది ప్రతి శరదృతువులోనూ కొత్త పిల్లలతో మళ్లీ మొదటి నుంచి మొదలయ్యే పని. ఆ పని ఎంత కష్టమో తెలిస్తే తప్ప ఆమె గొప్పతనం అర్థం కాదని నా అభిప్రాయం.

డైరెక్టరు 'బి ఫ్లాట్' అనే స్వరం పట్టమనగానే ఫ్లూటు పట్టినవాళ్లు తమ కాగితంలోని బి ఫ్లాటునే వాయిస్తారు. కానీ క్లారినెట్, ట్రంపెట్ వాళ్లకు అదే నాదం 'సి'గా రాసి ఉంటుంది, ఆల్టో శాక్సఫోనుకు 'జి', హార్నుకు 'ఎఫ్'. శ్రుతి మారితే షడ్జమం స్థానం మారుతుందని తెలిసిన మనకు ఈ సంగతి వింతగా తోచదు గాని, మన కచేరీలో అందరిదీ ఒకే శ్రుతి. ఇక్కడ ఒకే గదిలో నాలుగు లెక్కలు ఏకకాలంలో నడుస్తుంటాయి, వాటన్నిటినీ డైరెక్టరు తలలో పెట్టుకుని ఉండాలి. పైగా గట్టిగా ఊదితే ఫ్లూటు నాదం పైకి పోతుంది, క్లారినెట్ నాదం కిందికి జారుతుంది. చలిగా ఉన్న గదిలో ఊదే వాయిద్యాలన్నీ శ్రుతి తగ్గుతాయి. మా అమ్మాయి కింది స్థాయి నుంచి పై స్థాయికి దాటేచోట ప్రతిసారీ కీచుమనిపించేది. ఆమె టీచరు తప్పు రీడుదా (ఊదేచోట బిగించే పలచని బద్ద), పెదవులదా, సరిగా మూయని రంధ్రం మీది వేలిదా అన్నది చూడకుండానే, గదికి అటు చివర నిలబడి చెప్పేవారు. చేతిలోని బ్యాటన్ (వాద్యబృందాన్ని నడిపే సన్నని కర్ర) కన్నా ఆ చెవే ఈ వృత్తికి మూలధనమని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంత నేర్పు అవసరమైన పనిలో స్త్రీలకు చాలాకాలం కిందిమెట్టు తరగతులే దక్కాయి. చిన్నపిల్లలకు స్వరాలు దిద్దించడం ఆడవాళ్లది, హైస్కూలు, కళాశాల బ్యాండ్ల ముందు నిలబడడం మగవాళ్లది అన్న విభజన స్థిరపడిపోయింది. దీనికి కారణం సంగీతం కాదు. అమెరికా బడి బ్యాండు సైనిక బ్యాండు నుంచి కవాతునూ, యూనిఫారాన్నీ, చాలామంది ఉపాధ్యాయులనూ పుణికిపుచ్చుకుంది. హైస్కూలు ఉద్యోగానికి ఫుట్‌బాల్ మైదానంలో బ్యాండు కవాతు నడిపిన అనుభవం కావాలనేవారు, ఆ అనుభవం దొరికే కళాశాల బ్యాండ్లలో అనేకం అమ్మాయిలను చేర్చుకునేవి కావు. మిషిగన్ విశ్వవిద్యాలయపు కవాతు బ్యాండులోకి అమ్మాయిలు వచ్చింది 1972లో. విద్యాసంస్థల్లో లింగవివక్షను నిషేధించిన 'టైటిల్ నైన్' చట్టం వచ్చిన ఏడాది కూడా అదే.

స్త్రీలకు చేతకాదన్న మాటకు జవాబు అంతకు ముందే దొరికింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1943లో అమెరికా సైనిక దళమైన మెరైన్ కోర్‌లో మహిళా రిజర్వు బ్యాండు ఏర్పడినప్పుడు దానిని నడిపినది షార్లట్ ప్లమర్, ఆమె కూడా ఆరెగాన్‌లో సంగీతం చెప్పిన ఉపాధ్యాయురాలే. యుద్ధం ముగియగానే ఆ బ్యాండును రద్దు చేశారు. అదే దళానికి 1798 నుంచి ఉన్న ప్రధాన మెరైన్ బ్యాండులోకి మొదటి మహిళ ప్రవేశించడానికి 1973 దాకా ఆగవలసి వచ్చింది. ఈ ముప్పై ఏళ్ల ఎడం చదివిన రోజున నాకు నిజంగా బాధ కలిగింది.

గ్లాడిస్ రైట్ ఈ పరిస్థితిని తన ఒక్కరి సమస్యగా చూడలేదు. ఒక్కో బడిలో ఒక్కొక్కరుగా, సలహా అడగడానికి తోటి మహిళ ఎవరూ లేకుండా పనిచేస్తున్న డైరెక్టర్లను ఒకచోటికి చేర్చడానికి 1969లో జాతీయ మహిళా బ్యాండ్ డైరెక్టర్ల సంఘాన్ని స్థాపించి, దానికి తొలి అధ్యక్షురాలయ్యారు. అప్పటికి ఆ రంగంలో గౌరవానికి కొలమానం అమెరికన్ బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషన్. అందులోకి దరఖాస్తు చేసి చేరడం ఉండదు, ఉన్న సభ్యులే ఎన్నుకోవాలి. 1929లో పుట్టిన ఆ సంస్థ 1984లో తొలిసారి ఒక మహిళను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆమె గ్లాడిస్ స్టోన్ రైట్. యాభై ఐదేళ్లు మూసి ఉన్న ఆ తలుపు తెరుచుకున్నది ఏ పెద్ద విశ్వవిద్యాలయపు ఆచార్యురాలి కోసమో కాక, ఒక హైస్కూలు ఉపాధ్యాయురాలి కోసం కావడం నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఈ వసంతంలో మా అమ్మాయి బ్యాండు ఆఖరి కచేరీ చేసింది. చివరి పాటకు ముందు వాళ్ల టీచరు పిల్లల చేత బి ఫ్లాట్ ఒక్కటే పట్టించి, చేయి కదపకుండా, నాదం కుదురుకునే దాకా వింటూ నిలబడ్డారు. మొదట ట్యూబా, తరువాత క్లారినెట్లు, ఆఖరున ఫ్లూట్లు కలిశాయి. అప్పుడు ఆమె బ్యాటన్ ఎత్తారు.