రంగు చూసి ఊరు చెప్పలేం

విజయనగరంలో తెలిసిన అన్నయ్య కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్‌ పోర్టల్లో నమోదు చేయించి ఓ పాముని, బోవా కన్‌స్ట్రిక్టర్‌ని పెంచుతున్నారు. మొన్న దగ్గరగా చూశాను. వీపు మీద గోధుమ రంగు జీను ఆకారపు మచ్చలు, తోకకి వచ్చేసరికి అవే ఇటుక ఎరుపు, చుట్టూ నల్లంచు. ట్యూబ్‌లైట్ కింద పొలుసులు నీలంగా మెరిశాయి. ఎంత బాగుందో!

"ఇది అసలు సూరినామ్‌దేనా?" అన్నాను. దక్షిణ అమెరికాలోని ఆ దేశపు బోవాలకి ఎర్ర తోకే పేరు.

"తోక చూసి చెప్పలేం తమ్ముడూ. తల్లీతండ్రీ ఎక్కడివో రాసిన కాగితం ఉండాలి."

నిజమే. గయానా, పెరూ బోవాలకీ తోక ఎర్రగానే ఉంటుంది. ఒకే కాన్పు పిల్లల్లోనే (బోవా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది) ఒకటి ముదురు, ఇంకోటి లేత. హోండురాస్ దగ్గర కాయోస్ కొచినోస్ దీవుల బోవాలైతే రాత్రికి ఇంకా పాలిపోతాయి. 1980ల్లో పెంపకం వ్యాపారం కోసం వాటిని అక్కణ్ణుంచి విపరీతంగా పట్టుకుపోయారు. అలాంటి దీవి సంతతిని వేరేవాటితో కలిపేస్తే మళ్లీ విడదీయలేం. అందుకే, ఎరుపు బాగుందని కలగలుపు పిల్లని 'ప్యూర్' అని అమ్మేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. మూలం తెలియకపోతే తెలియదనే రాసివ్వండి. పిల్ల అందం ఏం తగ్గదు.