నాలుగు వందల బాకీ

మార్చి నెలలో మా ఇంటి మీద ఒక గది వేయించాం. ఆ రోజు ఇసుక ట్రాక్టర్ పొద్దున్నే రావాల్సింది, ఒంటిగంటకు వచ్చింది. పొద్దున తెచ్చిన ఇద్దరు కూలీలతో సాయంత్రంలోగా అంత ఇసుక పైకెక్కదు. మూడో మనిషి కోసం బండి తీసుకొని కాజీపేట చౌరస్తాకు పోయాను.

ఆ వేళకు అడ్డా మీద ఎవరుంటారు? ఏడింటికి వందమంది కనబడే చోట ఒక్క పెద్దాయన, మూసి ఉన్న షాపు నీడలో సద్దిగిన్నె పక్కన పెట్టుకొని కూర్చున్నాడు. అరవై దాటి ఉంటాయి. ఒక కంట్లో పువ్వు. పొద్దున మేస్త్రీలు వచ్చి గట్టి మనుషులను ఏరుకొని పోయాక మిగిలినవాడని చూడగానే తెలుస్తుంది. ఎంత తీసుకుంటావని అడిగితే, "మీకు ఎంత అనిపిస్తె అంత ఇయ్యుండ్రి సార్" అని బండెక్కాడు.

ఒంటిగంటన్నర నుంచి ఆరింటి దాకా తట్టలు మోశాడు. కుర్రవాళ్లు రెండు మోసేలోపు ఆయన ఒకటి మోశాడు, నిజమే. సాయంత్రం వాళ్లిద్దరికీ తలా 800, ఆయనకు 400 ఇచ్చాను. సగం రోజుకు సగం కూలి. ఆయన లెక్క కూడా చూడకుండా జేబులో పెట్టుకొని పోయాడు.

అరుగు మీద కూర్చొని మా అమ్మ ఇదంతా చూసింది. ఆయన వీధి మలుపు తిరిగాక అన్నది: "సగం దినం చేసినోని ఇంట్ల సగమే తింటరా బిడ్డా?"

నాకు కోపం వచ్చింది. లెక్క ప్రకారమే ఇచ్చాను కదా అన్నాను. అమ్మ మళ్లీ మాట్లాడలేదు.

ఆ ఆదివారం మా చర్చి గుడిలో పాస్టరు అయ్యగారు బైబిల్లో మత్తయి సువార్త 20వ అధ్యాయం తెరిచారు. అమ్మే పోయి చెప్పిందేమో అనిపించింది. యేసు చెప్పిన ద్రాక్షతోట యజమాని కథ మనకు తెలిసిందే. పొద్దున్నే కొందరిని కూలికి పెట్టుకున్నాడు. మళ్లీ తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి, చివరికి ఐదింటికి కూడా సంత వీధికి పోయి మనుషులను తెచ్చుకున్నాడు. పొద్దు గూకాక అందరికీ ఒక్కో దేనారం ఇచ్చాడు. దేనారం అంటే రోము ప్రభుత్వపు వెండి నాణెం, ఆ కాలంలో ఒక మనిషి దినకూలి. పొద్దున వచ్చినవాళ్లు సణిగారు. నాలుగు సువార్తల్లో ఈ కథ మత్తయిలో తప్ప ఇంకెక్కడా లేదు.

చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ పొద్దున వచ్చినవాళ్ల వైపే ఉన్నాను, పైకి ఒప్పుకోలేదంతే. ఈసారి మాత్రం ఇంతకుముందు పట్టించుకోని ఒక మాట దగ్గర ఆగిపోయాను. కూలి మాట్లాడుకొని పోయింది మొదటివాళ్లు మాత్రమే. తొమ్మిదింటివాళ్లతో యజమాని "ఏమి న్యాయమో అది మీకిత్తును" అన్నాడు, వాళ్లు వెళ్లారు. ఐదింటివాళ్లకు ఆ మాట కూడా గట్టిగా చెప్పినట్టు లేదు. ఎంతిస్తాడో అడక్కుండానే పోయారు. మీకు ఎంత అనిపిస్తే అంత, అన్న మనిషి మొన్ననే నా బండి వెనక కూర్చున్నాడు.

ఇంకో మాట. దినమంతా ఎందుకు ఊరకే నిలబడ్డారని యజమాని ఆ ఐదింటివాళ్లను అడిగితే, "ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు" అన్నారు వాళ్లు. బద్ధకస్తులని మనం ఊరికే అనుకుంటాం. సోమరులైతే ఇంట్లోనే పడుకునేవాళ్లు కదా. ఐదింటికి కూడా సంతలో నిలబడ్డారంటే ఉత్త చేతులతో ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదని అర్థం. ఏ రోజు కూలి ఆ రోజు పొద్దు గూకక ముందే ఇవ్వాలని బైబిల్లోని మోషే ధర్మశాస్త్రంలో ఉన్నది కూడా ఇందుకే. ఆ కూలితోనే ఆ రాత్రి పొయ్యి వెలగాలి. సగం దేనారంతో సగం పొయ్యి వెలగదు. అమ్మ అడిగింది అదే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి ఎత్తితే మా బావ నవ్వాడు. ఆయన బిల్డింగ్ పనుల మేస్త్రీ, ఇరవై మందికి కూలి పంచేవాడు. "అట్ల ఇచ్చినవనుకో, తెల్లారి ఏడింటికి ఒక్కడు రాడు. అందరు ఐదింటికే వస్తరు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు, అది సైట్ నడిపేవాడి మాట. యేసు ఈ కథ కూలి రేట్లు ఖాయం చేయడానికి చెప్పలేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ బావ ఇంకో మాట చెప్పాడు. శనివారం పైసలు పంచేటప్పుడు ఒక్కొక్కరిని పక్కకు పిలిచి, నోట్లు మడిచి చేతిలో పెడతాడట. ఎవరికెంత ముట్టిందో పక్కవాడికి కనబడొద్దు. కనబడితే లొల్లి.

తోట యజమాని సరిగ్గా దీనికి ఉల్టా చేశాడు. చివర వచ్చినవాళ్లతో మొదలుపెట్టి ఇవ్వమని గృహనిర్వాహకుడికి చెప్పాడు. పొద్దున వచ్చినవాళ్లకు ముందే ఇచ్చి పంపిస్తే ఏ గొడవా ఉండేది కాదు, ఒప్పుకున్న దేనారం తీసుకొని సంతోషంగా ఇంటికి పోయేవాళ్లు. వాళ్లు నిలబడి చూడాలనే అలా చేశాడని నాకు అనిపిస్తుంది. చూశారు. కడుపు మండింది. "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా" అని అడిగాడు. తెలుగు బైబిల్లో కడుపుమంట అనే మాట వేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. మన అందరికీ తెలిసిన జబ్బు పేరు అది.

ఈ కథకు ముందు అధ్యాయంలో యేసు శిష్యుడు పేతురు ఆయన్ని ఒక ప్రశ్న అడుగుతాడు. అన్నీ విడిచి నిన్ను వెంబడించాం, "మాకేమి దొరకును" అని. మా సంఘంలో ఆ ప్రశ్న ఇంకా ఆగలేదు. గుడి గోడ మీద శిలాఫలకంలో మా తాత పేరు ఉంది. కమిటీ ఎన్నికలప్పుడు ఆ రాయి మాకు బాగా పనికొస్తుంది. ఈ మధ్య బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు వెనక చాపల మీద కూర్చుంటాయి. వాళ్లలో ఒకరిని కమిటీలోకి తీసుకుందామంటే, నిన్నగాక మొన్న వచ్చినోళ్లకా, అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మా తాత మాత్రం ఎప్పుడు వచ్చాడు? డోర్నకల్ దగ్గరి పల్లెలో దొర దగ్గర జీతం ఉండేవాడు. 1912లో బిషప్ అయిన అజరయ్య ఆ చుట్టుపక్కల ఊళ్లు తిరిగిన కాలం అది. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన కాలంలో సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. వాళ్లను ఊరి గుళ్లోకి, ఊరి బావి దగ్గరికి ఎవరూ రానిచ్చేవాళ్లు కాదు. 1939లో డోర్నకల్ పెద్ద గుడి ప్రతిష్ఠకు నడిచిపోయానని తాత చెప్పేవాడు. మేము ఐదింటికి తోటలోకి వచ్చినవాళ్లమే. మూడు తరాలు గడిచేసరికి పొద్దున ఆరింటికే వచ్చామని మాకు మేమే అనుకుంటున్నాం.

ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చొని, నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాను. అప్పుడు ఒక సంగతి చెప్పింది, ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పలేదు. పరకాల వైపు పత్తి ఏరడానికి కైకిలి పోయే రోజుల్లో కూలి కిలోల లెక్కన ఇచ్చేవాళ్లట. పాలు తాగే పిల్ల ఉన్న ఒకామె రోజూ పొద్దెక్కాక వచ్చేది, మధ్యలో పిల్ల దగ్గరికి పోయేది. ఆమె మూట నిండేది కాదు. సాయంత్రం కాంటా పెట్టే ముందు ఆడవాళ్లందరూ ఎవరి మూటలోంచి వాళ్లు రెండు దోసిళ్ల పత్తి తీసి ఆమె మూటలో వేసేవాళ్లట. "ఆసామికి తెలిస్తే తిట్టేటోడు. గందుకే చాటుకు ఏసేటోళ్లం" అన్నది.

వాళ్లలో క్రైస్తవులు ఇద్దరే. మిగతావాళ్లకు మత్తయి ఎవరో కూడా తెలియదు. ద్రాక్షతోటలో సణిగినవాళ్లు కూడా ఇలా చేసి ఉండొచ్చు కదా అని అప్పుడు తోచింది. వాళ్ల దేనారంలో ఒక్క పైసా తగ్గలేదు.

ఆ తర్వాత మూడు రోజులు పొద్దున్నే చౌరస్తాకు పోయాను. ఆ పెద్దాయన కనబడలేదు. అడ్డా మీదివాళ్లను అడిగితే "పేరేంది సార్?" అన్నారు. సగం రోజు నా ఇంటి మెట్లెక్కి దిగిన మనిషి పేరు నేను అడగలేదు. కంట్లో పువ్వు ఉన్నాయన అంటే, మిర్చి ఏరడానికి పోయి ఉంటాడన్నారు.

గది స్లాబ్ పడింది. ఇంకో పది రోజులు నీళ్లు పట్టాలి. నాలుగు వందలు చొక్కా జేబులో వేసుకొని ఆఫీసుకు పోతున్నాను, చౌరస్తా రాగానే బండి స్లో చేస్తున్నాను.