సున్నం ఆరే శనివారం

ఏప్రిల్ 4, శనివారం. రేపు ఈస్టర్.

నిన్న శుభ శుక్రవారం, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానంతో గడిచింది. రేపు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. నడుమ మిగిలిన ఈ రోజు గురించి సువార్తలు పెద్దగా మాట్లాడవు. యేసు సమాధికి ముద్ర వేసి కావలి పెట్టారని మత్తయి చెప్తాడు. స్త్రీలు ఆజ్ఞ చొప్పున తీరికగా ఉన్నారని లూకా ఒక్క ముక్కలో ముగిస్తాడు. మన ఊళ్లలో మాత్రం ఇది తీరిక లేని రోజు. సమాధులకు సున్నం వేసే రోజు.

సున్నం నిన్న సాయంత్రానికే నానాలి. కిలో రాతి సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు లెక్క. ముందు నీళ్లు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వెయ్యాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరిస్తే కుతకుతలాడి మొహం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి మెత్తబడిపోతుంది కాబట్టి ఇనప డ్రమ్మే మేలు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడిగి, అలా కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొద్దున్నే పాత చీర గుడ్డతో వడకట్టి, గుప్పెడు ఉప్పు, నానబెట్టిన తుమ్మ జిగురు కలుపుకుంటే చేతికి అంటకుండా పట్టుకుంటుంది. చిటికెడు నీలిమందు తెలుపు కోసం.

సమాధి మీద పెచ్చులూడుతున్న పాత పూతని గీకకుండా కొత్తది వేస్తే, పాతదాంతో పాటే కొత్తదీ ఊడొస్తుంది. గీకాక నీళ్లు చల్లి తడపాలి. పొడి ఇటుక సున్నంలో నీటిని పీల్చేసుకుంటుంది, మిగిలింది పిండిలా రాలిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వేసినా అంతే. సున్నం గాలిని పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్లీ రాయిగా మారాలి, దానికి తడి ఉండాలి. అందుకే పొద్దున ఒక పూత, ఎండ వాలాక ఇంకో పూత. రెండూ పాలంత పలచగా ఉండాలి. పేరు చెక్కిన పాలరాయిని ముందే తడిగుడ్డతో కప్పెయ్యాలి.

ఈ పని చేసేటప్పుడల్లా మత్తయి 23వ అధ్యాయం గుర్తొస్తుంది. 'సున్నము కొట్టిన సమాధులు' అని ప్రభువు అన్నది తిట్టుగానే. కానీ ఆ పోలిక విన్నవాళ్లకి అది కళ్లముందున్న సంగతి. పస్కా పండక్కి నెల ముందు, తమ పంచాంగంలోని అదారు నెల 15న, యూదులు సమాధుల్ని గుర్తుపట్టేలా చేసేవారు. సున్నం నీళ్లలో కలిపి వాటి మీద పోసేవారు. అందం కోసం కాదు. సమాధిని ముట్టినవాడు ఏడు దినాలు అపవిత్రుడని సంఖ్యాకాండము 19 చెప్తుంది. పండక్కి వచ్చే బాటసారి తెలియక తగలకూడదని ఆ తెలుపు. దూరం జరగమని దానర్థం.

మనం అదే రుతువులో, అదే సున్నాన్ని, సరిగ్గా తిరగేసిన అర్థంతో వేస్తున్నాం. దగ్గరికి రండి, పక్కన కూర్చోండి, నానమ్మ సమాధి మీద చెయ్యి వెయ్యండి అని. యేసు లేచిన ఆదివారం పొద్దున శిష్యులు పేతురు, యోహాను ఆయన సమాధిలోకి వంగి లోపలికే వెళ్లారు. పునరుత్థానం గురించి నన్ను అడిగితే నేను చూపించేది ఈ తెలుపునే: చావు దగ్గర మనిషికున్న వెరపు పోయింది, ఏడుపు ఉంది గానీ ఎడం లేదు. మనవాళ్లు శ్మశానమనకుండా 'సమాధుల తోట' అనడం కూడా ఊరికే రాలేదు. యేసుని పాతిపెట్టిన చోట తోట ఉందని యోహాను రాశాడు.

కొవ్వొత్తుల సంగతి. ఏప్రిల్ కాబట్టి ముందు చుట్టూ ఎండుగడ్డి పీకెయ్యాలి. కొబ్బరి చిప్పలో ఇసుక పోసి ఒత్తిని అందులో గుచ్చితే తెల్లవారుగాలికి పడిపోదు, తెల్లటి పూత మీద మైనం కారదు. ఎవరూ రాని సమాధులు ప్రతి తోటలోనూ ఉంటాయి. వాటి కోసం అర బకెట్టు సున్నం, డజను కొవ్వొత్తులు విడిగా పెట్టుకోవాలి. 'మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదని' పౌలు రాసింది పునరుత్థానపు అధ్యాయం (1 కొరింథీ 15) చివరి వచనంలోనే కదా.

చీకటి పడుతోంది. రెండో పూత తడిగా, బూడిద రంగులో, అసలేమీ వెయ్యనట్టే కనిపిస్తుంది. ఇది చూసి కంగారుపడి చాలామంది మూడో పూత దట్టంగా పట్టించేస్తారు, వారంలో అది పొరలుగా లేచిపోతుంది. వదిలెయ్యాలి. సున్నం తెల్లబడేది ఆరాకే, రాత్రంతా పడుతుంది.