లార్డ్ నార్త్ జీవితం రాయబోయి... (నా అనుభవం)

గ్రూప్స్‌కు చదివేవాళ్ళలో 1773 రెగ్యులేటింగ్ చట్టం తెలియనివాళ్ళు ఉండరు. వారన్ హేస్టింగ్స్, నలుగురు సభ్యుల కౌన్సిల్, కలకత్తా సుప్రీంకోర్టు, చివర్లో "అప్పటి బ్రిటన్ ప్రధాని: లార్డ్ నార్త్". పదకొండేళ్ళుగా ఆ పేరు బోర్డు మీద రాసి, గంట కొట్టగానే డస్టర్‌తో తుడిచేసి వచ్చేస్తున్నాను. చిన్న మాసపత్రిక నడిపే మా స్నేహితుడు "ఆ నార్త్ ఎవరో రెండు పేజీలు రాసిపెట్టరా" అంటే ఒక ఆదివారం చాలనుకున్నాను. మూడు నెలలు పట్టింది.

మొదటి ప్రతిలో మొదటి వాక్యమే తప్పు. "ప్రభువుల సభ సభ్యుడైన నార్త్ ప్రభువు" అని ఎత్తుకున్నాను. లార్డ్ అన్నాక, ఎన్నికల్లేకుండా ప్రభువులు కూర్చునే హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కాక ఇంకెక్కడుంటాడు? గొప్పగా క్లాసులో చదివి వినిపిస్తే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, కింద మీరే 1754లో బాన్‌బరీ నుంచి కామన్స్ సభకు ఎన్నికయ్యాడని చదివారు. ప్రభువులకు ఎన్నికలేంటి సార్?"

"రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రేపు పది రోజులకు వచ్చింది.

తేలిందేమిటంటే, బిరుదు అతనిది కాదు, నాన్నది. తండ్రి ఫ్రాన్సిస్ నార్త్ 1752లో గిల్ఫర్డ్ ఎర్ల్ అయ్యాడు. ఎర్ల్ అంటే ప్రభువుల్లో ఒక పెద్ద హోదా. అతని దగ్గర అంతకంటే చిన్న బిరుదులు కూడా ఉంటాయి. తండ్రి బతికుండగా పెద్దకొడుకు వాటిలో ఒకదాన్ని మర్యాద కోసం వాడుకుంటాడు. మన దగ్గర దొరగారబ్బాయిని చిన్నదొర అని పిలిచినట్టు. పట్టా మాత్రం నాన్న పేరునే ఉంటుంది. చట్టం లెక్కలో ఫ్రెడరిక్ నార్త్ సామాన్యుడే. అందుకే ఇరవై రెండేళ్ళకు కామన్స్ సభలో అడుగుపెట్టి ముప్పై ఆరేళ్ళు అక్కడే కూర్చోగలిగాడు. బాన్‌బరీలో ఓటున్నది మొత్తం 18 మందికి, అదీ ఊరి కార్పొరేషన్ సభ్యులకే. కుటుంబ భవనం రాక్స్‌టన్ ఆబీ ఆ పక్కనే. మా అపార్ట్‌మెంట్ సంఘం ఎన్నికలో అంతకంటే ఎక్కువ ఓట్లు పడతాయి.

అదొక్కటే అయితే సరిదిద్దుకునేవాణ్ణి. 1770లో ముప్పై ఏడేళ్ళకే ప్రభుత్వం అతని చేతికి వచ్చింది. అప్పుడు అతని పదవి పేరు "ట్రెజరీ మొదటి లార్డ్". ఇది ఇంకో లార్డ్. వంశంతో సంబంధం లేని ఉద్యోగం. ప్రధానమంత్రి అంటే అతను ఒప్పుకునేవాడు కాదట, బ్రిటిష్ రాజ్యాంగంలో అలాంటి పదవే లేదనేవాడని కూతురు తర్వాత గుర్తుచేసుకుంది. 1772లో రాజు గార్టర్ గౌరవం ఇచ్చాడు. అది నీలిపట్టీతో వచ్చే నైట్ బిరుదు. సభలో పేరు పెట్టి పిలిచే ఆచారం లేదు కాబట్టి అప్పటినుంచి చర్చల్లో అతను "నీలిపట్టీ ధరించిన ప్రభువు". పాత చర్చలు తిరగేస్తూ ఈ నీలిపట్టీ ఆయనెవరో ఇంకొకడనుకుని రెండు రోజులు వెతికాను.

లార్డ్‌కు తెలుగుమాటగా ప్రభువు, దొర, జమీందారు అన్నీ రాసి కొట్టేశాను. "లాటుసాయిబు"లోని లాటు ఈ లార్డే కదా, అది పెడదామా అని కూడా అనిపించింది. చివరికి లార్డ్‌ను లార్డ్‌గానే ఉంచాను.

అంతా అయిందనుకుని పంపితే రాత్రి పదింటికి స్నేహితుడి ఫోన్. "ఒరేయ్, నాలుగో పేరాలో 1792లో చనిపోయాడన్నావు. ఆరో పేరాలో 1798లో సింహళానికి గవర్నరుగా పంపావు. దయ్యమై వెళ్ళాడా?" సింహళం వెళ్ళింది ఆఖరి కొడుకు. అతని పేరూ ఫ్రెడరిక్ నార్తే, పైగా తర్వాత అతనూ గిల్ఫర్డ్ ఎర్ల్ అయ్యాడు. ఆ రాత్రే ఒక తెల్లకాగితం మీద ఏడాది, ఆ ఏడాదికి మనిషిని ఏమని పిలిచేవారు, రెండే గడులు గీశాను. 1732, ఫ్రెడరిక్ నార్త్. 1752, లార్డ్ నార్త్. 1790 ఆగస్టు 4, తండ్రి మరణం, గిల్ఫర్డ్ ఎర్ల్. 1792 ఆగస్టు 5, మరణం. జీవితమంతా లార్డ్ అనిపించుకున్నవాడు ప్రభువుల సభకు అర్హుడై బతికింది రెండేళ్ళ ఒక్కరోజు.

ఆ తండ్రి గురించి తెలిశాకే నాకు నార్త్ మనిషిలా కనిపించాడు. తండ్రి ఆస్తిపరుడు, ఎనభై ఆరేళ్ళు బతికాడు, చేయి విదల్చడు. దేశ ఖజానా చూసే కొడుకు సొంత అప్పుల్లో మునిగాడు. 1777లో మూడో జార్జి రాజే ఆ అప్పు తీరుస్తానని, ఇరవై వేల పౌండ్లదాకా ఇస్తానని ఉత్తరం రాశాడు. ఆ తర్వాత పదవి వదిలి వెళ్ళిపోతానని ఎన్నిసార్లన్నా రాజు వదల్లేదు. అంత సాయం పొందినవాడు గట్టిగా ఎలా అంటాడు?

1773ను కూడా మళ్ళీ రాశాను. ఈస్టిండియా కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. నార్త్ ప్రభుత్వం 14 లక్షల పౌండ్ల అప్పిచ్చి, ముకుతాడుగా రెగ్యులేటింగ్ చట్టం తెచ్చింది. యుద్ధం, సంధి విషయాల్లో మద్రాసు ఇక కలకత్తా మాట వినాలి. రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులు అప్పుడు ఆ మద్రాసు కిందే ఉన్నాయి. అదే ఏడాది, అదే కంపెనీ గోదాముల్లో పేరుకున్న తేయాకు అమెరికా వలసల్లో అమ్ముడుపోవాలని టీ చట్టం. డిసెంబరులో అక్కడి బోస్టన్ రేవులో నిరసనకారుల చేతిలో 342 తేయాకు పెట్టెలు నీళ్ళపాలయ్యాయి. ఈ రెండు చట్టాలనూ ఇన్నేళ్ళూ నేను వేర్వేరు పాఠాల్లో చెప్పాను.

అమెరికా యుద్ధం ఓడాక, 1782 మార్చి 20 రాత్రి సభలో రాజీనామా ప్రకటించాడు. చర్చ తెల్లవారేదాకా సాగుతుందనుకుని మిగతావాళ్ళు బళ్ళు పంపేశారు. బయట చలి, మంచు. నార్త్ బండి ఒక్కటే వాకిట్లో ఉంది. "రహస్యం తెలిసుంటే ఇదీ లాభం" అని నవ్వి ఎక్కి వెళ్ళిపోయాడు.

చివరి ఏళ్ళలో చూపు పోయింది. సభలో ఏళ్ళతరబడి తనను ఏకిపారేసిన కర్నల్ బారేకూ చూపు పోయింది. ఇద్దరూ ఒకచోట కలిసినప్పుడు నార్త్ అన్నాడట: మన మధ్య ఎన్ని జరిగినా, ఒకరినొకరు చూసుకుంటే మనంత సంతోషించేవాళ్ళు ఇంగ్లండులో ఇంకో ఇద్దరుండరని. మూడు నెలల్లో నన్ను ఇబ్బంది పెట్టకుండా తెలుగులోకి వచ్చింది ఈ మాటొక్కటే.

రెండు పేజీలు ఆరయ్యాయి, స్నేహితుడు కోసి నాలుగు చేశాడు. పత్రిక రాగానే మొదటి ప్రతి ఆ వెనక బెంచీ అమ్మాయికిచ్చాను. అక్కడే నిలబడి మొత్తం చదివింది.

"సార్, పరీక్షలో వస్తే ప్రధాని అని పెట్టాలా, ట్రెజరీ మొదటి లార్డ్ అని పెట్టాలా?"

"ప్రధాని అనే పెట్టమ్మా. లేకపోతే మార్కు పోతుంది."