ట్యాంక్‌బండ్ పక్కన ఆటుపోట్ల లెక్క

కాకినాడ నుంచి రాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేసరికి ఆరున్నర. పెళ్లి సాయంత్రం. సంజీవయ్య పార్కు దాకా ఆటో రెండొందల యాభై అన్నాడు, రెండొందలకి తెగింది. ఆ కాస్త దూరానికి అంత ఇచ్చాక మనసు చివుక్కుమంది. ఎంఎంటీఎస్ లోకల్ రైలు కోసం ఆగి ఉంటే చిల్లరతో పోయేది. పెళ్లి బాగానే జరిగింది, దాని గురించి రాయడానికేమీ లేదు. నెక్లెస్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర గడిచిన గంటన్నర గురించే ఇదంతా.

హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకున్న కుర్రాడొకడు పక్కన నిలబడి ఫోన్‌లో ఆటుపోట్ల పట్టిక అంకెలు చూస్తున్నాడు. వచ్చే నెల సీనియర్లతో కలిసి మా వైపు సముద్రంలోకి కీల్‌బోటు మీద, అంటే అడుగున కీలు అనే బరువైన రెక్క నీళ్లలోకి దిగి ఉండే తెరచాప పడవ మీద, వస్తున్నాడట. లోతు లెక్కలు చూసే పని అతనికే అప్పగించారు. నాది కాకినాడ అని తెలియగానే అడిగాడు.

"అంకుల్, పొద్దుగాల నాలుగింటికి ముప్పై సెంటీమీటర్ల నీళ్లే ఉంటయట. మరి బోటు ఎట్ల పోతది?"

ఫోన్ తీసుకుని చూశాను. ఆటు, అంటే నీళ్లు బాగా దిగిన వేళ, 04:10, 0.3 మీటర్లు. పోటు, అంటే నీళ్లు నిండా ఎక్కిన వేళ, 10:16, 1.5 మీటర్లు. ఆ 0.3 ని అతను లోతు అనుకున్నాడు. గాలిని అంత బాగా పట్టుకోగలిగే పిల్లాడికి ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పకుండా సముద్రంలోకి పంపుతున్నారంటే నాకు కోపమే వచ్చింది.

"వానాకాలంలో పేపర్లో సాగర్ నీటిమట్టం 513 మీటర్లు దాటిందని రాస్తారు కదా బాబూ. నిండు మట్టం 513.41. మరి సాగర్ లోతు అర కిలోమీటరా?"

"కాదంకుల్, అది సముద్రమట్టం నుంచి ఎత్తు."

పట్టిక అంకె కూడా అలాంటిదే. ఒక సున్నా గీత నుంచి నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చెబుతుంది. ఆ సున్నా సగటు సముద్రమట్టం కాదు, అంతకంటే బాగా కింద, నీళ్లు సాధారణంగా దిగజారే అట్టడుగు మట్టం దగ్గర ఉంటుంది. దాన్నే చార్ట్ డేటమ్ అంటారు. చార్టులో, అంటే పడవలవాళ్లు వాడే సముద్రపు పటంలో, అచ్చేసిన లోతులన్నీ ఆ గీత నుంచి కిందికి కొలిచినవి. కాబట్టి అసలు లోతు కావాలంటే చార్టు లోతుకి పట్టిక ఎత్తు కలపాలి.

శుభలేఖ కవరు వెనక రాసి చూపించాను. పడవ నీళ్లలో మునిగే భాగం, అంటే డ్రాఫ్ట్, 1.8 మీటర్లు. అడుగున వదలాల్సిన జాగా 0.5. అల పల్లంలో పడవ కిందికి దిగుతుంది కనుక అల ఎత్తులో సగం, 0.3. మొత్తం 2.6 కావాలి. దాటాల్సిన ఇసుక మేట మీద చార్టు లోతు 1.7. తక్కువ పడింది 0.9. నీళ్లు అంత ఎత్తుకి ఎప్పుడొస్తాయన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఆటు నుంచి పోటుకి 6 గంటల 6 నిమిషాలు, పెరిగేది 1.2 మీటర్లు. నీళ్లు ఒకే వేగంతో పెరగవు. ఆ కాలాన్ని ఆరు భాగాలు చేస్తే, పెరుగుదలలో పన్నెండో వంతులు వరసగా ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. ఇక్కడ ఒక్కో వంతు 0.1, ఒక్కో భాగం 61 నిమిషాలు. మూడు భాగాలు గడిచేసరికి 0.6 పెరిగి, ఎత్తు 0.9 అవుతుంది. 07:13కి మేట దాటొచ్చు. తిరుగు ప్రయాణానికి పొద్దుటి అంకెలు వాడకూడదు. సాయంత్రం ఆటు 16:28కి 0.4 అని ఉంది, అంటే దిగేది 1.1 మాత్రమే. ఆ లెక్కన 13:22కి 0.95 ఉంటుంది, ఆపైన ఆగకూడదు. ఈ పన్నెండో వంతుల లెక్క పోటూ ఆటూ సమంగా నడిచే చోటే పనికొస్తుంది. నది సముద్రంలో కలిసే చోట్ల, పోటు గబగబా ఎక్కి ఆటు నెమ్మదిగా దిగే చోట, ఏ వేళకి నీళ్లు ఎంత ఎత్తో చూపిస్తూ ఆ రేవుకి ఇచ్చిన వంపు గీతే చూడాలి.

చిన్న రేవుకైతే దగ్గరి ప్రధాన రేవు అంకెలకు సమయం తేడా, ఎత్తు తేడా విడివిడిగా కలపాలి. మన దగ్గర సర్వే ఆఫ్ ఇండియా ఏటా అచ్చేసే పట్టికలున్నాయి. అవి పక్కన పెట్టి ఊరూ పేరూ లేని యాప్‌ను నమ్మడం నాకు నచ్చదు.

ముఖ్యంగా గడియారం చూసుకోవాలి. కొన్ని పట్టికలు గ్రీనిచ్ సమయంలో ఉంటాయి. అదే పోటు అక్కడ 04:46 అని కనిపిస్తుంది. దాన్ని మన సమయమనుకుని వెళితే నిండు పోటు అనుకున్న వేళకి ఆటు అయి అరగంటే అయి ఉంటుంది. అయిదున్నర గంటల పొరపాటు ఆటుపోట్లను దాదాపు తలకిందులు చేసేస్తుంది.

చార్టులో అంకె కింద గీత ఉంటే అది లోతు కాదు, సున్నా గీతకి పైన నేల ఎత్తు. గీత ఉన్న 1.7 దగ్గర 1.5 పోటు వచ్చినా నేల ఇరవై సెంటీమీటర్లు బయటే ఉంటుంది.

పట్టిక వేసేది సూర్యచంద్రుల లెక్క, ఆ రోజు వాతావరణం దానికి తెలియదు. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ పెరిగితే నీళ్లు దాదాపు ఒక సెంటీమీటరు దిగుతాయి. తీరం నుంచి బయటికి గట్టిగా గాలి వీస్తే ఇంకొంచెం తగ్గుతాయి. లోతు చూపే ఎకోసౌండర్ అయితే తన ముఖం నుంచి కొలుస్తుందా, నీటి పైమట్టం నుంచా, కీలు అడుగు నుంచా అన్నది బయల్దేరే ముందే తాడుకి సీసం గుండు కట్టి వేసి సరిచూసుకోవాలి. మా పడవ సరంగులు లోతును ఇప్పటికీ బారల్లోనే చెబుతారు.

"భావ్‌నగర్ల ఎంతుంటది అంకుల్?" అన్నాడు. గుజరాత్ తీరంలోని ఆ ఊళ్లో పోటుకీ ఆటుకీ తేడా పది మీటర్ల దాకా పోతుందంటే టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. మా దగ్గర తేడా మీటరున్నర లోపే. అందుకే పది సెంటీమీటర్లకీ లెక్క చూసుకోవాలి.

చివరగా, పట్టిక ఎంత సరిగ్గా ఉన్నా నేల కదిలితే లాభం లేదు. గోదావరి వరద తర్వాత నది సముద్రంలో కలిసే చోట్ల ఇసుక ఎటు జరుగుతుందో చెప్పలేం. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ అలా పేరుకున్న ఇసుకే. చార్టులో సర్వే ఏ ఏడాదిదో ఫొటో తీసి పంపమన్నాను.

పెళ్లి భోజనాల వేళకి ఫొటో వచ్చింది. సర్వే బాగా పాతది. అక్కడే జవాబు పెట్టాను: "అడుగున జాగా 0.5 చాలదు, 0.8 పెట్టు. అప్పుడు ఎత్తు 1.2 కావాలి. 07:13 కొట్టేసి 08:14 రాసుకో. తిరిగి వచ్చేటప్పుడు 12:20 లోపు మేట దాటేయండి."