లాటు పదో వంతు కావాలంటే ఆర్డర్ ఖర్చు వందో వంతుకి దిగాలి

జస్ట్ ఇన్ టైమ్ (అవసరమైనప్పుడు అవసరమైనంతే సరుకు తెప్పించుకునే పద్ధతి) అనగానే చాలా యూనిట్లలో మొదట చేసే పని స్టాకు కోసేయడం. నెలకోసారి వచ్చే లోడు మూడు రోజులకోసారి వస్తుంది, గోడౌన్ ఖాళీగా కనిపిస్తుంది. రవాణా బిల్లులు కూడితే గానీ అసలు సంగతి బయటపడదు.

ఒక భాగం తీసుకుందాం. ఏడాదికి 12,000 కావాలి, ఒక్కోటి 100 రూపాయలు. వడ్డీ, బీమా, తుప్పు, మోడల్ మారి మూలపడేది అన్నీ కలిపి నిల్వ ఖర్చు ఏడాదికి ఒక్కోదానికి 20 రూపాయలు. ఒక లోడు తెప్పించడానికి 1,200: బండి కిరాయి 800, వచ్చిన సరుకు తనిఖీ 250, పర్చేజ్ ఆర్డర్, బిల్లు పనులు 150. 2 × 12,000 × 1,200ని 20తో భాగించి వర్గమూలం తీస్తే, మొత్తం ఖర్చు అతి తక్కువయ్యే లాటు (ఒక్కసారికి తెప్పించే సరుకు) 1,200 వస్తుంది. ఏడాదికి పది లోడ్లు. ఆర్డర్ ఖర్చు 12,000, సగటు స్టాకు 600 కాబట్టి నిల్వ ఖర్చూ 12,000. మొత్తం 24,000.

మిగతావేవీ మార్చకుండా లాటును 120కి దించితే? నిల్వ ఖర్చు 1,200కి పడిపోతుంది. కానీ వంద లోడ్లకి ఆర్డర్ ఖర్చు 1,20,000. మొత్తం 1,21,200, అంటే ఐదింతలు! 120 గిట్టుబాటు కావాలంటే లోడు ఖర్చు 12 రూపాయలే ఉండాలి.

కాబట్టి ముందు కోయాల్సింది ఆ 1,200ని. ఒకే బండి నలుగురు వెండర్ల దగ్గర సరుకు ఎత్తుకొస్తే కిరాయి వాటా 200. వెండర్ దగ్గరే నాణ్యత ఖాయం చేసుకుంటే తనిఖీ 50. ఏడాదికి ఒకే రేటు ఒప్పందం పెట్టుకుని, కాన్‌బాన్ కార్డు (సరుకు అయిపోయింది, పంపమని చెప్పే కార్డు) మీదే సరుకు పిలిస్తే కాగితాల పని 50. మొత్తం 300 అయితే లాటు 600, ఏడాది ఖర్చు 12,000. అంటే ఇంత చేసినా లాటు సగమే అయింది. ఇంకా దిగాలంటే వెండర్ పక్కనే ఉండాలి. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు వచ్చినప్పుడు విడిభాగాల కంపెనీలు కూడా ఆ చుట్టుపక్కలే వెలిసింది ఊరికే కాదు.

కార్డుల లెక్క తేలికే. రోజుకి 40 వాడకం, సరుకు రావడానికి రెండు రోజులు, 25 శాతం అదనం, బిన్‌కి (సరుకు డబ్బాకి) 20 అయితే ఐదు కార్డులు. బిన్ ఖాళీ కాగానే కార్డు పెట్టెలో పడాలి. ఆపరేటర్ జేబులో ఉండిపోతే ఆ బిన్ సరుకు రానట్టే.

పొదుపు లెక్కలో మాత్రం జాగ్రత్త. గోడౌన్ ఖాళీ చేసి అప్పగించనంతవరకూ అద్దె మిగలదు. ఆర్డర్లు తగ్గినంత మాత్రాన స్టోర్స్ గుమస్తా జీతమూ తగ్గదు. చేతికి నిజంగా మిగిలేది సీసీ లిమిట్ (బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు) మీద వడ్డీ, పాడైపోయే సరుకు విలువ.

పైన లాటు తేల్చిన సూత్రంలో కనిపించని ఖర్చు ఇంకోటి ఉంది: లైను ఆగిపోవడం. 1997 ఫిబ్రవరిలో విడిభాగాల కంపెనీ ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడితే, ఒక చిన్న బ్రేక్ వాల్వు లేక జపాన్‌లో టయోటా లైన్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. ఒకే వెండర్ చేతిలో ఉన్న భాగానికి కొన్ని రోజుల స్టాకు ఉంచుకోవడమే మేలు. నట్లూ బోల్టులూ అయితే రెండు డబ్బాలు చాలు: ఒకటి అయిపోగానే ఆర్డర్.