వెసులుబాటు కాదు, షరతులు కావాలి

వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని చేసే ప్రతిపాదన మీద పోయిన శనివారం మా ఆఫీసులో పదకొండు మందిమి మేనేజరు గారితో రెండు గంటలకు పైగా మాట్లాడాము. మాది నెల్లూరులో రొయ్యల ఎగుమతిదారులకు కాగితాలు సిద్ధం చేసే చిన్న ఆఫీసు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు తయారు చేయడం, కస్టమ్స్ వారి ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతి సరుకు వివరాల పత్రం, దాఖలు చేయడం మా పని. ఇందులో ఎక్కువ భాగం ఇంట్లో కూర్చుని కూడా చేయవచ్చని 2020 లాక్‌డౌన్‌లోనే తేలింది.

ప్రతిపాదన తెచ్చినది కోవూరు, కావలి వైపు నుంచి రోజూ వచ్చే నలుగురు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతిని, జాతీయ రహదారి కూడా తెగినప్పుడు, తాము ఏటికి అవతల చిక్కుకుపోయినా పని ఆగలేదని వారు గుర్తు చేశారు. అంత దూరం ఎందుకు, గట్టి వాన పడి విజయమహల్ గేటు అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే ఊళ్లో ఉన్న నేనే వేళకు చేరలేను.

మేనేజరు గారి అభ్యంతరం నేను ఊహించినది కాదు. ఇంట్లో ఉంటే నిద్రపోతారని ఆయన అనలేదు. కొత్తగా చేరిన కుర్రాడు ఆ మధ్య ఒక ప్యాకింగ్ లిస్టులో నెట్ వెయిట్ ఉండవలసిన గడిలో గ్రాస్ వెయిట్ వేశాడు. మంచినీళ్ల కోసం లేచిన ఒక అక్క వెనుక నుంచి చూసి, "ఒరే, పెట్టెల బరువు కూడా కలిపేశావేందిరా?" అని ఆపింది. "ఇంట్లో కూర్చుంటే వాడి వెనక ఆ అమ్మ ఎక్కడి నుంచి వస్తుందయ్యా?" అన్నారు ఆయన. ఆ మాట కాదనలేము. అయితే ఆ రోజు తప్పు దొరికినది ఆమెకు దాహం వేసినందువల్లనే తప్ప, ఆఫీసులో తనిఖీ ఏర్పాటు ఉన్నందువల్ల కాదు. దాఖలుకు ముందు రెండో మనిషి చూసి తీరాలన్న నియమం ఎక్కడ కూర్చున్నా కావలసినదే.

కరెంటు, ఇంటర్నెట్ ఖర్చుల మీద పావుగంట గడిచింది. కొంత ఇస్తామన్నారు, ఎంతో చెప్పలేదు.

అసలు విషయం అప్పటిదాకా నోరు విప్పని సహోద్యోగిని వల్ల బయటికి వచ్చింది. ప్రసూతి సెలవు ముగించుకుని ఆమె ఈ మధ్యనే తిరిగి చేరింది.

"సార్, రాత్రి తొమ్మిదికి మీరు ఫోన్ చేసి నేను ఎత్తకపోతే, ఇంట్లోనే ఉంది కదా అనుకోరా?"

"అర్జెంటు అయితే చేయకుండా ఎట్లమ్మా?"

"చేయండి సార్. ఏది అర్జెంటో ముందే రాసి పెట్టండి."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేనేజరు గారు ఈ ఏర్పాటును మొదటి నుంచీ "వెసులుబాటు" అనే అంటున్నారు. వెసులుబాటు అన్నాక ఇచ్చినవారికి ఎప్పుడైనా అడిగే చనువు, పుచ్చుకున్నవారికి కాదనలేని మొహమాటం ఉంటాయి. అందుకే నాకు ఆ మాట నచ్చదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణను నేను అక్కడ ప్రస్తావించాను. పని స్వభావం అనుమతిస్తే సెలవు తరువాత ఇంటి నుంచి పని చేయనివ్వవచ్చని, యజమాని, ఉద్యోగిని పరస్పరం ఒప్పుకున్న షరతుల మీద అది సాగాలని ఆ సవరణ చెప్పింది. అది హక్కుగా ఇచ్చినది కాకపోయినా, షరతులు ఇద్దరివీ అన్న సంగతి మాకందరికీ పనికివస్తుంది.

ముసాయిదా రాసే పని నా మీద పడింది. అరపేజీ రాసి సోమవారం ఇచ్చాను. సాయంత్రం ఆరున్నర తరువాత, కంటైనరును ఓడరేవులో అప్పగించే గడువు (కటాఫ్) ఆ రాత్రికే ఉంటే తప్ప, ఫోన్ ఎత్తకపోవడం తప్పు కాదని అందులో ఒక వాక్యం ఉంది. మేనేజరు గారు ఆరున్నరను కొట్టి ఏడున్నర చేసి, మిగతా వాక్యాన్ని అలాగే ఉంచి తిరిగి పంపారు. ఆ గంట గురించి రేపు మళ్లీ కూర్చుంటున్నాము.